యాన్ ఎస్టీ స్టూడెంట్: నవ్వొద్దు, వదిలెయ్యొద్దు

పోస్టు పెద్దదే, తీరిగ్గా చదవండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాక తిట్టండి.

ఇంగ్లిష్ విషయంలో మన ఆదివాసీ స్టూడెంట్లలో రెండు పార్టీలు ఉన్నాయి. మొదటిది నవ్వే పార్టీ. ఎవరో జూనియర్ తమ్ముడు ఇంగ్లిష్‌లో దరఖాస్తు రాస్తాడు. ‘ఐ యామ్ స్టూడెంట్’ అని రాసి మధ్యలో ‘ఎ’ వదిలేస్తాడు, లేకపోతే ‘ఇన్ఫర్మేషన్స్’ అని రాస్తాడు. మనోళ్ళే దాన్ని ఫోటో తీసి నవ్వుతారు. ఇంకొకటి వదిలేసే పార్టీ. ‘ఎ, యాన్, ద ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అర్థమైతే చాలు. పరీక్షలో రెండు మార్కులు పోతే పోనీ’ అంటుంది. ఈ రెండూ మనల్ని ముంచేవే అని నేనంటాను. నవ్వే పార్టీకి ఆర్టికల్స్ తెలియవు, బట్టీ పట్టిన రూల్ మాత్రమే తెలుసు. వదిలేసే పార్టీకి వాటి బలం తెలియదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మాది చింతూరు వైపు. కోయ ఇంట్లో పుట్టినోణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లిష్ మా ఇంట్లో ఎవరి నోటా లేదు. అందుకే దాన్ని బయటినుంచి, ఒక పనిముట్టును చూసినట్టు చూస్తాను.

స్కూల్లో మనకు ఆర్టికల్స్ ఎట్లా చెప్పారో గుర్తు చేసుకోండి. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదు అక్షరాల ముందు ‘యాన్’, మిగతా అక్షరాల ముందు ‘ఎ’. సూర్యుడు, చంద్రుడు, నదులు, పేపర్ల పేర్ల ముందు ‘ద’. అయిపోయింది పాఠం. తర్వాత ఖాళీలు పూరించండి. మరి ‘అవర్’ స్పెల్లింగ్ హెచ్‌తో మొదలవుతుంది కదా, దాని ముందు ‘యాన్’ ఎందుకు? ‘యూనివర్సిటీ’ యు అక్షరంతో మొదలవుతుంది కదా, దాని ముందు ‘ఎ’ ఎందుకు? అడిగితే ‘అవి ఎక్సెప్షన్లు, బట్టీ కొట్టు’ అన్నారు. అవి ఎక్సెప్షన్లు కానే కాదు. మనకు చెప్పిన రూలే తప్పు. అది అక్షరాన్ని చూసి పెట్టేది కాదు, శబ్దాన్ని విని పెట్టేది.

శబ్దం సంగతి తెలుగు లిపి వచ్చినోడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఇంగ్లిష్ మాటను తెలుగులో రాసి మొదటి అక్షరం చూడండి. అచ్చు ఉంటే ‘యాన్’, హల్లు ఉంటే ‘ఎ’. అవర్ రాస్తే ‘అ’ వచ్చింది, కాబట్టి యాన్ అవర్. యూనివర్సిటీ రాస్తే ‘య’ వచ్చింది, కాబట్టి ఎ యూనివర్సిటీ. వన్ రూపీ కాయిన్‌లో ‘వ’ ఉంది, ఎ వన్ రూపీ కాయిన్. మనం రోజూ తిరిగే ఆఫీసుల పేర్లు పెట్టి చూడండి: యాన్ ఎమ్మార్వో, ఎ వీఆర్వో, యాన్ ఐటీడీఏ ఆఫీస్, యాన్ ఆర్టీసీ బస్. యాన్ ఎస్టీ సర్టిఫికెట్ అనాలి, కానీ దాన్నే పూర్తిగా పలికితే ఎ షెడ్యూల్డ్ ట్రైబ్ సర్టిఫికెట్ అవుతుంది. కాగితం అదే, నోట్లో శబ్దం మారింది కాబట్టి ముందున్న ముక్క మారింది. ఒక్క చోట జాగ్రత్త. యాపిల్, యానిమల్, యాక్టర్ అని మనం ‘య’ కలుపుకుని రాస్తాం, ఇంగ్లిష్ వాళ్ళ నోట్లో అక్కడ ‘య’ లేదు. కాబట్టి వాటికి ‘యాన్’. ఈ పాఠానికి పది నిమిషాలు చాలు. పదేళ్ళ స్కూల్లో ఆ పది నిమిషాలు మనకు దొరకలేదు.

అయినా ‘ఎ’నా ‘యాన్’నా అనేది చిన్న గొడవ. అసలు అక్కడ ఆర్టికల్ కావాలా వద్దా అన్నదే పెద్ద గొడవ. దాన్ని తేల్చేది లెక్క. ఆ వస్తువును ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారా, లేకపోతే కొలుస్తారా?

ఇది చెప్పడానికి గైడు పుస్తకం అక్కర్లేదు, మన వారపు సంత చాలు. సంతలో కోళ్ళను లెక్కపెడతాం. బుట్టల్ని, కొడవళ్ళను లెక్కపెడతాం. తునికాకును యాభై ఆకుల కట్ట కట్టి లెక్క అప్పజెప్తాం. తేనెను లెక్కపెడతామా? ఉప్పును, నూనెను లెక్కపెడతామా? కొలుస్తాం, తూకం వేస్తాం. లెక్కకు వచ్చేది ఒక్కటే ఉంటే ఇంగ్లిష్ దాన్ని ఒంటరిగా వదలదు. ముందు ఏదో ఒకటి ఉండాలి: ఎ, యాన్, ద, మై, దిస్, ఏదైనా సరే. అందుకే ‘ఐ యామ్ ఎ స్టూడెంట్’. కొలతకు వచ్చే దానికి ‘ఎ’ పెట్టరు, చివర ‘ఎస్’ తగిలించరు. అందుకే ‘హనీ’, ‘సాల్ట్’, ‘ఆయిల్’ ఉత్తగానే ఉంటాయి. వాటిని లెక్కపెట్టాలంటే పాత్ర కావాలి. మనం మానికెడు బియ్యం, కుంచెడు వడ్లు, సీసా తేనె అంటాం. వాళ్ళు ఎ బ్యాగ్ ఆఫ్ రైస్, ఎ బాటిల్ ఆఫ్ హనీ అంటారు. లెక్క బియ్యానికి కాదు, బస్తాకి. ఇదే పద్ధతిలో ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అంటారు. సలహాకి కూడా మానిక పెట్టారన్నమాట.

ఇంతవరకూ సంత సరిపోయింది. ఇక్కడినుంచి పేచీ. ఏది లెక్క, ఏది కొలత అన్న దగ్గర మన భాషకీ ఇంగ్లిష్‌కీ పొత్తు కుదరదు. తెలుగులో నీళ్ళు వచ్చాయి, పాలు విరిగిపోయాయి, డబ్బులు పడ్డాయి, వడ్లు ఎండాయి. అన్నీ బహువచనాలే. ఇంగ్లిష్‌లో వాటర్, మిల్క్, మనీ, ప్యాడీ అన్నీ కొలతలే, ‘ఎస్’ లేదు. మనకు సలహాలు ఉంటాయి, వార్తలు ఉంటాయి, సామాన్లు ఉంటాయి, పనులు ఉంటాయి. వాళ్ళకు అడ్వైస్, న్యూస్, లగేజ్, వర్క్ అన్నీ కొలతలే. న్యూస్ చివర ‘ఎస్’ కనబడినా ‘న్యూస్ ఈజ్’ అనాల్సిందే. ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, హోంవర్క్, నాలెడ్జ్, ఎవిడెన్స్ కూడా అంతే. కుర్చీని లెక్కపెట్టొచ్చు, ఫర్నిచర్‌ని లెక్కపెట్టకూడదు. జాబ్‌ని లెక్కపెట్టొచ్చు, వర్క్‌ని లెక్కపెట్టకూడదు.

దీనిలో గొప్ప తెలివి ఏమైనా ఉందా? లేదు. ఇంగ్లిష్ వాళ్ళకు గోధుమలు కొలత, ‘వీట్’. ఓట్స్ మాత్రం బహువచనం. రెండూ గింజలే. ఎందుకట్లా అంటే వాడుక, అంతే. ఫ్రెంచి వాళ్ళకు, జర్మన్ల్లకు వాళ్ళ భాషల్లో ‘ఇన్ఫర్మేషన్’ లెక్కకు వస్తుంది. అందుకే వాళ్ళూ ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు ‘ఇన్ఫర్మేషన్స్’ అని రాస్తారు. వాళ్ళు రాస్తే ఫ్రెంచి యాస అంటారు. ఏజెన్సీ పిల్లోడు రాస్తే చదువు రాలేదంటారు. తప్పు ఒకటే, పేర్లు రెండు. నవ్వే పార్టీ దీనికి జవాబు చెప్పాలి. ఇంకో మాట. ‘ద’ లాంటి ఆర్టికల్స్ మా కోయలో లేవు, తెలుగులో లేవు, హిందీలో లేవు, సంస్కృతంలో లేవు, లాటిన్‌లో లేవు, రష్యన్‌లో లేవు. లేకపోవడం వెనకబాటు అయితే ఆ జాబితాలో ఎవరెవరు వెనకబడ్డారో చూసుకోండి.

ఆర్టికల్ లేదంటే ఆ ఆలోచన మనకు లేదని కాదు. ‘వాకిట్లో కుక్క ఉంది’ అంటే ఏదో ఒక కుక్క. ‘కుక్క వాకిట్లో ఉంది’ అంటే మనకు తెలిసిన కుక్క. మొదటిది ‘దేర్ ఈజ్ ఎ డాగ్’, రెండోది ‘ద డాగ్ ఈజ్’. వాళ్ళు ముందొక ముక్క పెట్టి చెప్పేదాన్ని మనం మాటల వరస మార్చి చెప్తాం. వినేవాడికి అది ఏదో తెలుసా లేదా అనే తేడా మన మూడేళ్ళ పిల్లలకు కూడా వచ్చు. వచ్చిన దాన్ని చూపించి రానిదాన్ని నేర్పాలి. మనకేమో ఏమీ రానట్టే మొదలుపెట్టి నేర్పారు.

కాబట్టి నామవాచకం రాసే ముందు రెండే ప్రశ్నలు. ఒకటి, చదివేవాడికి అది ఏదో తెలుసా? తెలిస్తే ‘ద’ పెట్టు, లెక్కైనా కొలతైనా ఒకటే. రెండు, తెలియకపోతే అది లెక్కా, కొలతా? లెక్కైతే ఒక్కదానికి ‘ఎ’ లేదా ‘యాన్’, ఎక్కువైతే ఉత్త బహువచనం. కొలతైతే ఉత్తగా వదిలెయ్యి. ఊర్లు, మనుషుల పేర్ల లాంటివి పక్కన పెడితే ఎక్కువ భాగం ఈ రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది. ఒకే మాట రెండు వైపులా ఉండొచ్చని మాత్రం మర్చిపోవద్దు. ఆదివారం హాస్టల్లో ‘ఐ ఏట్ చికెన్’ అంటే కోడికూర తిన్నావు. ‘ఐ ఏట్ ఎ చికెన్’ అంటే కోడిని మొత్తం మింగావు. వార్డెన్ రెండోది చదివితే మెస్ బిల్లు పెంచుతాడు. ‘పేపర్’ అంటే కాగితం, కొలత. ‘ఎ పేపర్’ అంటే న్యూస్‌పేపరో, పరీక్ష పేపరో. ‘వుయ్ నీడ్ ఎ రూమ్’ అంటే గది కావాలి. ‘వుయ్ నీడ్ రూమ్’ అంటే చోటు కావాలి.

ఇప్పుడు వదిలేసే పార్టీతో మాట్లాడతాను. ‘అర్థమైతే చాలు’ అన్నారు కదా. సరే, అర్థం గురించే మాట్లాడుకుందాం.

హాస్టల్ మరుగుదొడ్డి పాడైందని దరఖాస్తు రాస్తున్నారు. ‘ఎ టాయిలెట్ ఈజ్ నాట్ వర్కింగ్’ అని రాస్తే ఏదో ఒకటి పాడైంది, మిగతావి ఉన్నాయిలే అనుకుని ఆఫీసర్ పక్కన పెడతాడు. ‘ద టాయిలెట్ ఈజ్ నాట్ వర్కింగ్’ అంటే ఉన్న ఒక్కటీ పోయింది. ‘ద టాయిలెట్స్ ఆర్ నాట్ వర్కింగ్’ అంటే అన్నీ పోయాయి. వంద మంది పిల్లల అవస్థ ఆ చిన్న ముక్క మీద ఉంది.

‘ఎ ఫ్యూ గర్ల్స్ ఫ్రమ్ అవర్ విలేజ్ గో టు కాలేజ్’ అంటే కొంతమంది ఆడపిల్లలు వెళ్తున్నారు, పర్లేదు. ‘ఎ’ తీసేసి ‘ఫ్యూ గర్ల్స్’ అంటే వెళ్ళేవాళ్ళు లేనట్టే, ఎక్కడో ఒకరిద్దరు. ఒకటి సంతృప్తి, ఇంకొకటి ఫిర్యాదు. సర్వేలో ఎవరో మన ఊరి గురించి రాసినప్పుడు ఏది రాశారో చదవగలగాలా, వద్దా?

‘ద బాయ్స్ వర్ డ్రంక్’ అంటే ఆ గొడవలో ఉన్న ఆ కుర్రాళ్ళు. ‘ట్రైబల్ బాయ్స్ డ్రింక్’ అంటే మొత్తం మన జాతి కుర్రాళ్ళందరికీ ఉన్న అలవాటు అని. ముందు ఏమీ లేని ఉత్త బహువచనం కొందరి తప్పును అందరి మీద రుద్దుతుంది. పేపర్లో అట్లా వచ్చినప్పుడు మనకు మనసు చివుక్కుమంటుంది, కానీ ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పలేం. దెబ్బ తగిలిన చోటు చూపించడానికే గ్రామర్.

ఇంకొకటి, ఇది మనలాంటి మొదటి తరం వాళ్ళదే. ‘మై ఫాదర్ నెవర్ వెంట్ టు స్కూల్’ అంటే మా నాన్న చదువుకోలేదు. ‘మై ఫాదర్ నెవర్ వెంట్ టు ద స్కూల్’ అంటే మా నాన్న ఆ బడి వైపు ఎప్పుడూ వెళ్ళలేదు, పిల్లల్ని పట్టించుకోలేదు. మన నాన్నలు చదువుకోవడానికి స్కూల్‌కి వెళ్ళలేదు. మనల్ని చేర్పించడానికి, టీసీ అడగడానికి, జ్వరమొస్తే మోసుకుపోవడానికి ద స్కూల్‌కి పనులు మానుకుని ఎన్నిసార్లు వచ్చారో లెక్కలేదు. ఆ ‘ద’ ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తెలియకపోతే మన నాన్నల మీద మనమే అబద్ధం రాస్తాం.

‘ఇప్పుడు ఫోన్లో యాప్ దిద్దుతుంది కదా’ అంటారు. దిద్దుతుంది, ‘ఐ యామ్ స్టూడెంట్’ లాంటివి. కానీ పైన చెప్పిన జంటల్లో రెండు వాక్యాలూ గ్రామర్ ప్రకారం కరెక్టే. ఎన్ని మరుగుదొడ్లు పోయాయో యాప్‌కి ఎట్లా తెలుస్తుంది? మీ నాన్న సంగతి దానికెట్లా తెలుస్తుంది? తెలిసినోడివి నువ్వే, కాబట్టి ఎంచుకోవాల్సిందీ నువ్వే.

ఇంకా పెద్ద కాగితాల దగ్గరికి పోదాం. అటవీ హక్కుల చట్టం, 2006. సెక్షన్ 6లో హక్కులు తేల్చే ప్రక్రియను మొదలుపెట్టే అధికారం ఎవరిదంటే గ్రామసభది. అక్కడ ఇంగ్లిష్‌లో గ్రామసభను ‘ద అథారిటీ’ అన్నారు, ‘యాన్ అథారిటీ’ అనలేదు. ‘యాన్’ అని ఉంటే మొదలుపెట్టగలిగిన వాళ్ళలో గ్రామసభ కూడా ఒకటి, ఇంకొకరూ మొదలుపెట్టొచ్చు అని వాదించే సందు దొరికేది. ‘ద’ అంటే ఆ పనికి అదే. మన పోడు భూమి దరఖాస్తు ఊరి రచ్చబండ దగ్గర మొదలవ్వాలని చెప్పే మాటలో ఆ చిన్న ముక్కకూ వాటా ఉంది. హైకోర్టులో, సుప్రీంకోర్టులో వ్యవహారం ఇంగ్లిష్‌లోనే నడవాలని రాజ్యాంగం 348వ అధికరణం చెప్తోంది. అక్కడ ఈ ముక్కలు పట్టుకునే వాదిస్తారు. వదిలేసే పార్టీ అన్నలారా, మనం వదిలేస్తే ఎదుటి వకీలు వదలడు.

ఒక్క ‘ఎస్’ కోసం ప్రపంచంలో ఆదివాసీలు ఏళ్ళ తరబడి కొట్లాడారని మీకు తెలుసా? ఇంగ్లిష్‌లో ‘పీపుల్’ అనే మాటకు రెండు బతుకులు. ఒకటి, పర్సన్‌కి బహువచనం, అంటే మనుషులు, జనం. దానికి ఎ రాదు, ఎస్ రాదు. రెండోది లెక్కకు వచ్చే మాట: ‘ఎ పీపుల్’ అంటే ఒక జాతి, తనదైన పేరు, నేల, భాష ఉన్న సమూహం. దాని బహువచనం ‘పీపుల్స్’. 1966 నాటి రెండు అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికలూ స్వయం నిర్ణయ హక్కును పీపుల్స్‌కి ఇచ్చాయి. అందుకే మనల్ని ‘ఇండిజినస్ పీపుల్స్’ అనడానికి చాలా ప్రభుత్వాలు భయపడ్డాయి. ఎస్ పెడితే జాతులని ఒప్పుకోవాలి, తీసేస్తే ఉత్త జనం.

వరస చూడండి. 1957లో ఐఎల్ఓ 107వ ఒప్పందం మనల్ని ‘పాపులేషన్స్’ అంది. జనాభా లెక్కలో అంకెలన్నమాట. 1989లో 169వ ఒప్పందం ‘పీపుల్స్’ అంది, కానీ ఆ మాట వాడినంత మాత్రాన అంతర్జాతీయ చట్టంలో దానికున్న హక్కులు వచ్చినట్టు కాదని పక్కనే ఇంకో వాక్యం పెట్టింది. మన దేశం 107ని ఆమోదించింది, 169ని ఆమోదించలేదు. ఐక్యరాజ్యసమితి 1993ని ఆదివాసీ సంవత్సరంగా ప్రకటించినప్పుడు పేరులో ‘పీపుల్’ అనే పెట్టారు, ఎస్ లేదు. 1995 నుంచి 2004 దాకా జరిపిన దశాబ్దానికీ అదే పేరు. చివరికి 2007 సెప్టెంబర్ 13న 144 దేశాల ఓట్లతో నెగ్గిన హక్కుల ప్రకటన పేరులో ‘పీపుల్స్’ అని ఎస్‌తో సహా వచ్చింది. ఓటేసిన వాటిలో మన దేశం కూడా ఉంది. ఆగస్టు 9న మనం డోలు కొట్టి, జెండా కట్టి ఆడేటప్పుడు బ్యానర్ మీద ఆ ఎస్ ఉందో లేదో ఒకసారి చూడండి. కౌంటబుల్, అన్‌కౌంటబుల్ పాఠం రెండు మార్కులది అన్నవాళ్ళు ఆ కొట్లాటకు ఎన్ని మార్కులేస్తారు?

మరి ఇవన్నీ మనకు ఎవరు చెప్పాలి? మీడియం మార్చారు, పుస్తకాలు మార్చారు, పిల్లోడి ఇంటి భాష తెలిసిన టీచర్ మాత్రం క్లాసులోకి రాలేదు. నీళ్ళు మనకు బహువచనం, వాళ్ళకు కాదు అని చెప్పాలంటే రెండు వైపులా తెలియాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చిన జీవో నంబర్ 3 వచ్చింది 2000లో, సుప్రీంకోర్టు కొట్టేసింది 2020 ఏప్రిల్‌లో. దాని చట్టం సంగతి పెద్దలు మాట్లాడుతున్నారు. నేను చదువు సంగతి చెప్తున్నా. సంత తెలిసిన టీచర్, మానిక తెలిసిన టీచర్ ఇంగ్లిష్ పాఠానికి కూడా కావాలి.

ఆ టీచర్ వచ్చేదాకా ఖాళీగా కూర్చోవాల్సిన పని లేదు. సీనియర్లు రాత్రి స్టడీ అవర్లో వారానికి ఒక్క రోజు అరగంట ఇవ్వండి. గైడులో బిట్లు వద్దు. మన సంతలో దొరికే వస్తువులు రాయించి ఏది లెక్కో, ఏది కొలతో రెండు వరసలు చేయించండి. తెలుగు బహువచనం ఒక పక్క, ఇంగ్లిష్ కొలత ఇంకో పక్క పెట్టించండి. హాస్టల్ సమస్య మీద నిజమైన దరఖాస్తు ఒకటి రాయించి, ప్రతి మాట దగ్గరా ఆ రెండు ప్రశ్నలు అడగండి. తప్పు రాసిన తమ్ముడి కాగితం గ్రూపులో పెట్టకండి, పక్కన కూర్చోబెట్టి చెప్పండి. రాయడం మొదలుపెట్టినోడే తప్పు రాస్తాడు. నవ్వితే వాడు రాయడం మానేస్తాడు, అప్పుడు వాడి తరఫున ఇంకెవరో రాస్తారు. మన తరఫున ఇంకెవరో రాసిన కాగితాల వల్లే మన తాతల భూములు పోయాయని ఊళ్ళో ముసలోళ్ళను అడిగితే చెప్తారు.

నవ్వేవాళ్ళు నవ్వు ఆపండి. వదిలేసేవాళ్ళు కలం తియ్యండి. మనం ఉత్త జనం కాదు, లెక్కకు వచ్చే జాతులం. ఆ లెక్క ఎవరి ముందైనా, ఏ భాషలోనైనా తప్పు లేకుండా రాసుకుందాం.

జోహార్.